చుక్కల ముగ్గు దీపం: ఒక శనివారం, ఒక పాఠం



దీపావళికి బాల్కనీకి కట్టిన సీరియల్ సెట్లు విప్పి, చిక్కులు పడకుండా చుట్టి అటక మీద పెట్టే రోజులివి. వాటిలో ఒకటో రెండో వెలగడం మానేసి ఉంటాయి. "నేను బాగుచేస్తాను నాన్నా" అంటూ మీ ఇంట్లో ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు పట్టుకుని తిరుగుతూ ఉంటారు. ఆ ఉత్సాహాన్ని కాదనకండి. ఆ సెట్టును మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. దాని బదులు ఏమివ్వాలో చెప్పడానికే ఈ నెల ఇంటి పాఠం.

మీరూ మీ పిల్లలూ కలిసి ఒక అలంకార దీపం చేయబోతున్నారు. డ్రాయింగు షీటు మీద చుక్కల ముగ్గు, ఆ ముగ్గు పొడవునా సన్నని రంధ్రాలు, లోపల నాలుగు చిన్న ఎల్‌ఈడీలు, బయట మూడు పెన్సిల్ సెల్స్. ప్లగ్గుతో పని లేదు. సాయంత్రం గదిలో లైటు తీసేస్తే ముగ్గంతా చుక్కలు చుక్కలుగా వెలుగుతుంది. రెండో శనివారం మధ్యాహ్నం మొదలుపెడితే దీపాల వేళకు పూర్తవుతుంది.

ముందుగా ఒక మాట. సైన్సు ఎగ్జిబిషన్లలో మాకు తరచూ ఎదురయ్యే దృశ్యం ఇది. బల్ల మీద అందమైన మోడల్ ఉంటుంది, లైట్లు వెలుగుతుంటాయి. "ఇక్కడ ఈ రెసిస్టర్ ఎందుకు పెట్టావమ్మా?" అని అడుగుతాం. పాప మోడల్ వైపు చూడదు, వెనక నిలబడ్డ నాన్నగారి వైపు చూస్తుంది. ఆ నాన్నగారిని తప్పుపట్టలేం. రాత్రి పదింటికి "రేపే ఇవ్వాలి" అని ప్రాజెక్టు బయటపడితే ఏ ఇంట్లోనైనా జరిగేది అదే. కానీ ఆ మోడల్ నేర్పాల్సిన పాఠం ఆయనకు దక్కింది, పాపకు దక్కలేదు. అందుకే ఈ దీపానికి మార్కులు లేవు, గడువు తేదీ లేదు. స్కూలుకు తీసుకురానక్కర్లేదు కూడా.

ఈ ఆలోచన ఎక్కడిది?

వెలుగు ముందు బొమ్మను నిలబెట్టడం మన తెలుగు నేలకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో తెల్లటి తెర వెనక దీపాలు పెట్టి, పలచగా చేసిన తోలు మీద రంగులు వేసిన రాముణ్ణో హనుమంతుణ్ణో ఆడించేవారు. ఆ బొమ్మల నగలు, కిరీటాలు, చీర అంచులు దగ్గరగా చూస్తే వరుసగా పొడిచిన రంధ్రాలే. తోలులోంచి రంగు వెలుగు వస్తుంది, రంధ్రాల్లోంచి తెల్ల వెలుగు వస్తుంది. ఆ తేడా వల్లే నగలు మెరిసినట్టు కనిపిస్తాయి.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళ ఇప్పటికీ ఉంది. ఆట చూసే జనం తగ్గాక అక్కడి కళాకారులు అదే తోలు మీద అదే పనితనంతో లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. హస్తకళల దుకాణాల్లో మీరు చూసే రంగురంగుల తోలు దీపాలు అవే. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనం చేసేది ఆ పనికి కాగితపు తమ్ముడు. తోలు బదులు డ్రాయింగు షీటు, ఉలి బదులు గుండుసూది.

ఏమేం కావాలి?

1. మందపాటి తెల్ల డ్రాయింగు షీటు లేదా ఐవరీ షీటు: ఒకటి
2. తెల్ల ఎల్‌ఈడీలు, 5 మి.మీ. సైజువి: నాలుగు కావాలి, ఆరు కొనండి
3. 100 ఓమ్‌ల రెసిస్టర్లు: నాలుగు (వీటినీ ఆరు కొనండి)
4. మూడు పెన్సిల్ సెల్స్ (ఏఏ సైజు), అవి పట్టే స్విచ్చు ఉన్న బ్యాటరీ బాక్సు
5. సన్నని వైరు ఒక మీటరు, ఇన్సులేషన్ టేపు
6. పెద్ద జ్యూస్ పేపర్ కప్పు ఒకటి, గట్టి అట్టముక్క ఒకటి
7. గుండుసూది, దబ్బనం, స్కేలు, పెన్సిలు, జిగురు, గరుకు కాగితం
8. పొడిచేటప్పుడు కింద వేసుకోవడానికి థర్మాకోల్ ముక్క

ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. హైదరాబాదులో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మీ ఊళ్లో టీవీలు బాగుచేసే షాపులో అడిగినా చెబుతారు. వీలైతే పిల్లల్ని వెంట తీసుకెళ్లి, "100 ఓమ్ రెసిస్టర్ ఇవ్వండి అంకుల్" అని వాళ్లనే అడగనివ్వండి.

మొదట లెక్క, తర్వాత వైరు

పిల్లలు వెంటనే ఎల్‌ఈడీని సెల్స్‌కు తగిలించాలని తొందరపడతారు. ఒక్క పది నిమిషాలు కాగితం, పెన్సిలు పట్టించండి.

ఒక సెల్ 1.5 వోల్టులు. మూడు వరుసగా పెడితే 4.5 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు చాలు. మిగిలిన 1.5 వోల్టులను ఎవరో ఒకరు భరించాలి. లేకపోతే ఎల్‌ఈడీలోకి అవసరానికి మించిన కరెంటు పారి అది పాడవుతుంది. ఆ భారం మోయడానికే రెసిస్టర్.

ఎంత రెసిస్టర్ కావాలి? ఇలాంటి చిన్న ఎల్‌ఈడీ మామూలుగా 20 మిల్లీ యాంపియర్లు తట్టుకుంటుంది. మనం 15 దగ్గర ఆపుదాం. ఓమ్ నియమం ప్రకారం వోల్టులను యాంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు వస్తాయి. 1.5 ÷ 0.015 = 100. అందుకే 100 ఓమ్‌లు. పదో తరగతి పిల్లలు బట్టీపట్టే సూత్రం ఇదే. ఇక్కడ దానితో ఒక పని జరిగింది.

రెసిస్టర్ మీద అంకె రాసి ఉండదు, రంగు చారలు ఉంటాయి. 100 ఓమ్‌లకు గోధుమ, నలుపు, గోధుమ, చివర బంగారు రంగు. గోధుమ అంటే 1, నలుపు అంటే 0, మూడో చార పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. గోధుమ కాబట్టి ఒక సున్నా. 1, 0, ఆ పక్కన ఇంకో 0. నాలుగో తరగతి పిల్లలు దీన్ని రహస్య లిపిలా ఆనందంగా చదువుతారు.

ఇక ఎల్‌ఈడీకి రెండు కాళ్లుంటాయి. పొడవు కాలు ధన ధ్రువం వైపు, పొట్టి కాలు రుణ ధ్రువం వైపు. తిరగేసి పెడితే వెలగదు. పాత టార్చి బల్బు ఎటు పెట్టినా వెలిగేది. ఎల్‌ఈడీలో కరెంటు ఒకవైపే పారుతుంది.

తెల్ల ఎల్‌ఈడీ లోపలికి తొంగి చూడమనండి. చిన్న పసుపు చుక్క కనిపిస్తుంది. లోపలి చిప్ అసలు ఇచ్చేది నీలి వెలుగు. దాని మీద పూసిన పసుపు పదార్థం కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, మంచి నీలి ఎల్‌ఈడీ కోసం ప్రపంచం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అటక మీది సీరియల్ సెట్టు నుంచి వీధి దీపం దాకా ఇప్పుడు మనం చూసే చాలా తెల్ల వెలుగులకు మూలం ఆ నీలమే.

షేడ్ తయారీ: అమ్మమ్మ, నానమ్మలకూ పని ఉంది

షేడ్ 16 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలా ఉంటుంది. చుట్టుకొలత ఎంతో పిల్లల్నే అడగండి. 16 × 3.14 = 50.24. అంటే సుమారు 50 సెంటీమీటర్లు. అంచులు ఒకదాని మీద ఒకటి అంటించడానికి మరో 2 సెంటీమీటర్లు. కాబట్టి 52 సెం.మీ. పొడవు, 22 సెం.మీ. ఎత్తు ఉన్న ముక్క కత్తిరించాలి.

అంటించే 2 సెంటీమీటర్లు వదిలేసి, మిగిలిన 50 సెంటీమీటర్లను ఐదు సమాన భాగాలు చేయండి. ఒక్కో భాగం 10 సెంటీమీటర్లు. ప్రతి భాగంలో ఒక ముగ్గు వస్తుంది.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పిలవండి. "ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేవరకు" అంటే ఏమిటో అమ్మమ్మో నానమ్మో ఒక్క నిమిషంలో వేసి చూపిస్తారు. మధ్య వరుసలో 7 చుక్కలు, దాని పైనా కిందా సందుల్లో 6, తర్వాత 5, తర్వాత 4. మొత్తం ఎన్ని చుక్కలు? 7 + 2 × (6 + 5 + 4) = 37. ఐదు ముగ్గులకు 185. చుక్కకూ చుక్కకూ మధ్య 1.2 సెం.మీ. దూరం పెడితే ఏడు చుక్కల వరుస 7.2 సెంటీమీటర్లు వస్తుంది. 10 సెంటీమీటర్ల భాగంలో రెండు పక్కలా చోటు మిగులుతుంది. చుక్కల్ని కలిపే గీతలు ఎలా తిప్పాలన్నది పెద్దవాళ్లు నేర్పుతారు. పండగనాటి ముగ్గులో ఇంత లెక్క ఉందని పిల్లలకు అప్పటిదాకా తోచి ఉండదు.

ముగ్గును కాగితం వెనకవైపు పెన్సిలుతో వేయించండి. అప్పుడు గీతలు బయటికి కనిపించవు. మీ అబ్బాయి తన పేరు కూడా రాస్తానంటే రాయనివ్వండి. వెనక నుంచి రాస్తే ముందు తిరగబడి కనిపిస్తుందన్న సంగతి ముందే చెప్పకండి. మొదట చిత్తు కాగితం మీద పొడిచి, వెలుగుకు ఎత్తి చూసుకోమనండి. అద్దంలో ప్రతిబింబం గురించి వంద మాటలు చెప్పినా ఆ ఒక్క చూపుతో సమానం కాదు.

తర్వాత కాగితాన్ని థర్మాకోల్ మీద పెట్టి పొడవడమే. చుక్కలకు దబ్బనం, గీతలకు గుండుసూది. గీత మీద రంధ్రాల మధ్య 3 నుంచి 4 మిల్లీమీటర్లు వదలాలి. మరీ దగ్గరగా పొడిస్తే కాగితం తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. 185 పెద్ద రంధ్రాలు, కొన్ని వందల చిన్న రంధ్రాలు. ఒకేసారి కూర్చుని చేస్తే విసుగొస్తుంది. ఒక ముగ్గు అయ్యాక లేచి తిరగనివ్వండి, అక్కకో తమ్ముడికో వంతు ఇవ్వండి. ఒకటి రెండు రంధ్రాలు గీత తప్పినా పర్వాలేదు. సరిచేయడానికి మీరు సూది అందుకోవద్దు.

అన్నీ అయ్యాక, ఇష్టముంటే లోపలివైపు కొన్ని చుక్కల మీద గాలిపటం కాగితపు ముక్కలు అంటించండి. అక్కడ రంగు వెలుగు, మిగతా చోట తెల్ల వెలుగు వస్తాయి. నిమ్మలకుంట పనితనంలో తోలుకూ రంధ్రానికీ ఉన్న తేడా ఇదే. చివరగా షీటును గుండ్రంగా చుట్టి అంచులు అంటించండి.

దీపం లోపల

జ్యూస్ కప్పును బోర్లించండి. పైభాగానికి దగ్గరగా, నాలుగు దిక్కులా నాలుగు రంధ్రాలు చేయండి. ఒక్కో దాంట్లో ఒక ఎల్‌ఈడీ, తల బయటికి, కాళ్లు లోపలికి.

మామూలు 5 మి.మీ. ఎల్‌ఈడీ టార్చిలా ముందుకే వెలుగు చిమ్ముతుంది. అలాగే పెడితే షేడ్ మీద నాలుగు ప్రకాశవంతమైన మచ్చలు పడి, మిగతా ముగ్గు మసకగా ఉంటుంది. అందుకని పెట్టేముందు ఎల్‌ఈడీ తలను గరుకు కాగితంతో మెల్లగా రుద్దించండి. నున్నటి తల మసకబారి, వెలుగు నాలుగు వైపులా చెదురుతుంది. ఒకటి రుద్ది, ఒకటి రుద్దకుండా రెండూ గోడ మీదికి వేసి చూస్తే తేడా వాళ్లే చెబుతారు.

కలపాల్సిన పద్ధతి ఇది.

1. ప్రతి ఎల్‌ఈడీ పొడవు కాలికి ఒక రెసిస్టర్ మెలిపెట్టి టేపు చుట్టాలి.
2. నాలుగు రెసిస్టర్ల రెండో కొసలనూ కలిపి బ్యాటరీ బాక్సు ఎర్ర వైరుకు కలపాలి.
3. నాలుగు పొట్టి కాళ్లనూ వైరు ముక్కలతో కలిపి నల్ల వైరుకు కలపాలి.
4. ప్రతి అతుకుకూ టేపు విడిగా చుట్టాలి. ఎరుపు వైపు అతుకు, నలుపు వైపు అతుకు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే సెల్స్ వేడెక్కుతాయి.
5. కప్పును అట్టముక్క మీద అంటించి, షేడ్ అడుగున చిన్న గాటు పెట్టి వైరును బయటికి తీయాలి. బ్యాటరీ బాక్సు షేడ్ వెనక బయటే ఉంటే స్విచ్చు వేయడం, సెల్స్ మార్చడం తేలిక.

సెల్స్ అన్నిటికంటే చివర వేయాలి. అన్నీ కలిపేశాక కాకుండా, ఒక్కో ఎల్‌ఈడీని దాని రెసిస్టర్‌తో విడిగా వెలిగించి చూసుకుంటే తప్పు ఎక్కడుందో తేలిగ్గా దొరుకుతుంది.

ఇక్కడ పిల్లలు తప్పక అడిగే ప్రశ్న: "నాలుగూ ఒకదాని వెనక ఒకటి కలిపితే ఒక్క రెసిస్టర్ సరిపోదా?" చేసి చూడనివ్వండి. వెలగవు. రెండు తెల్ల ఎల్‌ఈడీలు వరుసగా కలిపినా 6 వోల్టులు కావాలి. మన దగ్గరున్నవి 4.5. ఇలా ఒకదాని వెనక ఒకటి కలపడం శ్రేణి సంధానం. మనం చేసినట్టు పక్కపక్కన కలపడం సమాంతర సంధానం. అటక మీది సీరియల్ సెట్టుకు ఆ పేరు ఈ 'సిరీస్' నుంచే వచ్చింది. ఒక్క బల్బు పోతే వరుసంతా ఆరిపోవడానికి కారణం కూడా అదే. మన దీపంలో ఒక ఎల్‌ఈడీ పోయినా మిగతా మూడు వెలుగుతూనే ఉంటాయి.

ఎవరు ఏ పని చేయాలి?

1, 2 తరగతులు: గాలిపటం కాగితాలు కత్తిరించడం, అంటించడం, చుక్కలు లెక్కపెట్టడం. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, సూదులు వీరికి అందేచోట పెట్టవద్దు.

3 నుంచి 5 తరగతులు: చుక్కలు పెట్టడం, మీరు పక్కనుండగా రంధ్రాలు పొడవడం, రెసిస్టర్ రంగులు చదవడం.

6 నుంచి 8 తరగతులు: షేడ్ కొలతలు, వైర్లు కలపడం, పటం గీయడం. బడిలో చదివే విద్యుత్ వలయం పాఠం ఇక్కడ చేతికి తగులుతుంది.

9, 10 తరగతులు: మొత్తం లెక్క. ఎర్ర ఎల్‌ఈడీ వాడితే ఏ రెసిస్టర్ కావాలో వాళ్లనే తేల్చమనండి. దానికి సుమారు 2 వోల్టులు చాలు కాబట్టి 2.5 వోల్టులు మిగులుతాయి. 100 ఓమ్‌లు పెడితే 25 మిల్లీ యాంపియర్లు పారతాయి, అది ఎక్కువ. 150 ఓమ్‌లు పెడితే సుమారు 17కి దిగుతుంది.

మీ పని: కత్తెర, కట్టర్ అవసరమైన చోట సాయం. మిగతా సమయం పక్కన కూర్చోవడం.

వెలగకపోతే?

చాలా ఇళ్లలో మొదటిసారి వెలగదు. ఆ క్షణంలో మీ చేయి దానంతటదే వైర్ల వైపు వెళుతుంది. దయచేసి ఆపుకోండి. ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన పది నిమిషాలు అవే. చేతులు కట్టుకుని ఈ ప్రశ్నలు మాత్రం ఒక్కొక్కటిగా అడగండి.

సెల్స్ ముందూ వెనకా సరిగా పెట్టావా? ఒక్క ఎల్‌ఈడీ వెలగడం లేదా, నాలుగూ వెలగడం లేదా? ఒక్కటే అయితే దాని కాళ్లు తిరగబడ్డాయేమో చూశావా? నాలుగూ అయితే ఎర్ర వైరు, నల్ల వైరు అతుకులు గట్టిగా ఉన్నాయా? వైరు మీది ప్లాస్టిక్ తొక్క తీసి మెలిపెట్టావా, తొక్క మీదే మెలిపెట్టావా? వెలుగు బాగా మసకగా ఉందా? రీచార్జబుల్ సెల్స్ వేస్తే ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది, మొత్తం 3.6 అవుతుంది. వెలుగు తగ్గడానికి అదీ కారణం కావచ్చు.

తప్పు దొరికి దీపం వెలిగినప్పుడు మీ పిల్లల ముఖం చూడండి. ఎగ్జిబిషన్‌లో రెసిస్టర్ గురించి అడిగితే ఇక వాళ్లు వెనక్కి తిరిగి చూడరు.

ఈ ఐదు విషయాల్లో రాజీ వద్దు

ఒకటి: గోడలోని కరెంటు. సీరియల్ సెట్టులో బల్బు చిన్నది, దాని మీద పడేది కొద్ది వోల్టులే. కానీ నేరుగా ప్లగ్గుకు పెట్టే పాత రకం సెట్టులో వైరు తెగితే, తెగిన కొస మీద 230 వోల్టులూ ఉండవచ్చు. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, దెబ్బ మాత్రం గోడలోని సాకెట్‌దే. ప్లగ్గు ఉన్న ఏ దీపాన్నీ పిల్లలు విప్పకూడదు, కత్తిరించకూడదు. "నేను పక్కనే ఉన్నాను కదా" అన్న మినహాయింపు కూడా వద్దు. తెగిన సెట్టును ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి, లేదా పారేయండి.

రెండు: బటన్ సెల్స్. నాణెంలా మెరిసే ఈ చిన్న సెల్స్‌తో కూడా ఎల్‌ఈడీ వెలుగుతుంది, చాలా వీడియోల్లో వాటినే చూపిస్తారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు వాడవద్దు. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపల తీవ్రంగా కాల్చేయగలవు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. టీవీ రిమోట్లలో, మ్యూజికల్ కార్డుల్లో, వెలిగే బొమ్మల్లో కూడా ఇవి ఉంటాయి. ఈ వారం ఒకసారి వాటి మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి.

మూడు: పాత ఫోన్లు, పవర్ బ్యాంకుల నుంచి తీసిన బ్యాటరీలు. గుచ్చుకున్నా, వైర్లు తగిలినా మంటలు రావచ్చు. ఈ పనికి పెన్సిల్ సెల్స్ మాత్రమే వాడండి.

నాలుగు: కాగితం షేడ్‌లో నూనె దీపం, కొవ్వొత్తి, ఫిలమెంట్ బల్బు. ఫిలమెంట్ బల్బు తీసుకునే విద్యుత్తులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగా పోతుంది. దాని దగ్గర కాగితం మాడుతుంది. కార్తీక దీపం తులసికోట దగ్గర ప్రమిదలోనే ఉండనివ్వండి.

ఐదు: వాడనప్పుడు స్విచ్చు ఆపాలి. నెలల తరబడి వాడకపోతే సెల్స్ తీసేయాలి, లేకపోతే కారి బాక్సును పాడుచేస్తాయి. మామూలు సెల్స్‌ను చార్జింగ్ పెట్టే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు.

దీపం వెలిగాక నాలుగు ప్రశ్నలు

రాత్రి భోజనాలయ్యాక గదిలో లైట్లు తీసేసి, దీపాన్ని మధ్యలో పెట్టి కూర్చోండి. అప్పుడు అడగండి.

దీపాన్ని గోడకు దగ్గరగా జరిపితే గోడ మీది చుక్కలు ఏమవుతాయి, దూరం జరిపితే ఏమవుతాయి? (దూరం పెరిగేకొద్దీ ముగ్గు పెద్దదవుతుంది, అంచులు మసకబారతాయి.)

రుద్దని ఎల్‌ఈడీతో చుక్కలు పదునుగా, రుద్దినదానితో మెత్తగా ఎందుకు పడతాయి? (వెలుగు వచ్చే చోటు ఎంత చిన్నదైతే నీడ అంత పదునుగా ఉంటుంది.)

ఈ సెల్స్ ఎన్ని గంటలు వస్తాయి? (నాలుగు ఎల్‌ఈడీలు, ఒక్కోటి 15 చొప్పున 60 మిల్లీ యాంపియర్లు. మంచి ఆల్కలైన్ సెల్ సామర్థ్యం సుమారు 2000 మిల్లీ యాంపియర్ అవర్లు. 2000 ÷ 60 అంటే 33 గంటలు. సెల్ నీరసించేకొద్దీ వోల్టులు తగ్గుతాయి కాబట్టి అంతకు ముందే వెలుగు మందగిస్తుంది. అసలు ఎన్ని గంటలు వచ్చిందో రోజూ రాసిపెట్టి, లెక్కతో పోల్చమనండి.)

మన దీపం ఎన్ని వాట్లు? (4.5 × 0.06 = 0.27 వాట్. పాత 'జీరో బల్బు' పేరుకే జీరో, తీసుకునేది సుమారు 15 వాట్లు. అంటే మన దీపానికి యాభై రెట్లకు పైగా. వెలుగు కూడా మన దీపానిది తక్కువేనని ఒప్పుకోవాలి, కానీ రాత్రి పూట దారి కనిపించడానికి ఇది చాలు.)

జవాబులు మీరు చెప్పేయకండి. తప్పు జవాబు వచ్చినా "అవునా, చేసి చూద్దాం" అనండి. దీపం ఎదురుగానే ఉంది కదా.

మీ నుంచి మేము కోరేది

దీపాన్ని ఫొటో తీసి పంపాలని మేము అడగడం లేదు. వచ్చే నెల పేరెంట్స్ మీటింగుకు వచ్చేటప్పుడు మీ పిల్లలు సొంతంగా రాసిన ఒక్క పేజీ తీసుకురండి. తెలుగులోనైనా ఇంగ్లిషులోనైనా సరే. అందులో మూడు విషయాలు చాలు: మొదటిసారి ఎందుకు వెలగలేదు, తప్పు ఎలా దొరికింది, ఇంకోసారి చేస్తే ఏం మారుస్తావు. మొదటిసారే వెలిగి ఉంటే, పొడిచేటప్పుడు ఏం తప్పిందో రాసినా చాలు.

ముగ్గు వంకరగా ఉండవచ్చు. పేరు తిరగబడి ఉండవచ్చు. ఒక ఎల్‌ఈడీ మిగతా వాటికంటే మసకగా ఉండవచ్చు. అయినా దాన్ని హాల్లో, చుట్టాలు వచ్చినప్పుడు కనిపించే చోట పెట్టండి. "ఇదెవరు చేశారు?" అని వాళ్లు అడిగినప్పుడు జవాబు మాత్రం మీరు చెప్పకండి. పక్క గదిలో ఉన్న మీ అమ్మాయినో అబ్బాయినో పిలవండి.